చూపుల గుమాస్తా

నీటి మీటర్ల శాఖ జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటు గారు జోకు వేసినప్పుడల్లా సిబ్బంది ఇబ్బందిగా చూసే చూపులు అందుకోవడానికి ఒక గుమాస్తా పోస్టు ఉంది. అందులో గౌరునాయుడు పనిచేస్తున్నాడు.

ఇంతకుముందు ఈ పని గోడ చేసేది. సూపరింటెండెంటు కామేశం గారిది పదకొండేళ్లుగా ఒకటే జోకు: "మీటరు తిరగాలి గానీ మనం తిరక్కూడదు!" వేశాక మూడు క్షణాలు ఆగి, ఎవరూ నవ్వకపోతే తనే పడీపడీ నవ్వుతారు. ఆ మూడు క్షణాలూ ఏం చేస్తారు పాపం జనం? పై అధికారి మొహం చూస్తే నవ్వాలి, పక్కవాడి మొహం చూస్తే నవ్వొస్తుంది. అందుకని బీరువా పక్కనున్న ఖాళీ గోడను చూసేవారు. గోడ మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? ముందు సున్నం రాలింది, తర్వాత ఇటుకలు కదిలాయి, ఓ సోమవారం మొత్తం కూలింది. ఇంజనీరు వచ్చి చూసి, మళ్లీ గోడ కట్టేకన్నా మనిషిని పెట్టుకోవడం చవకని రాసిచ్చాడు. శాఖ సరేనంది.

గౌరునాయుడు గోడ ఉన్న చోట నిలబడ్డాడు. నవ్వకూడదు, కన్ను గీటకూడదు, తిరిగి చూడకూడదు. రెండేళ్ల ప్రొబేషన్‌లో ఒక్కసారి పెదవి కదిలినా ఇంటికే. అతనికి ముందొచ్చిన కుర్రాడు తొమ్మిదో రోజే కిసుక్కుమని పోయాడు. గౌరునాయుడికి ఆ బెంగ లేదు. "నన్ను నవ్వించే జోకు ఇంకా పుట్టలేదండీ" అనేవాడు ధీమాగా.

సాయంత్రాలు ఇంట్లో భార్య నీలవేణి పక్కన కూర్చుని ఆఫీసు సీరియల్ చూసేవాడు. అందులో బాసు ఏదో పిచ్చివాగుడు వాగగానే ఒక గుమాస్తా మెడ తిప్పి, తెరలోంచి నేరుగా బయటికి చూస్తాడు. నీలవేణి విరగబడి నవ్వేది. గౌరునాయుడు మాత్రం నిటారుగా సర్దుకునేవాడు.

"అదేటి, అలా బిగుసుకుపోనావు?"

"ఆడు నన్నే సూస్తన్నాడే."

"టీవీలోవోడు నిన్ను సూడ్డమేటి, నీ మొహం!"

"మరెవర్ని సూస్తాడే? ఆడి ఆఫీసులో నాలాటోడు లేడు కదా!"

జీతం లేకపోయినా ఆ చూపు అందుకోకుండా అతను ఎన్నడూ లేచింది లేదు.

ప్రొబేషన్ ఆఖరి రోజున అందర్నీ పిలిచి శాలువా కప్పారు. పర్మనెంటు ఆర్డరు చేతిలో పట్టుకుని కామేశం గారు గొంతు సవరించుకుని, ఎన్నడూ లేనిది కొత్త జోకు వేశారు.

"ఇన్నాళ్లూ ఈయన గౌరునాయుడు. ఇవాళ్టి నుంచి గోడనాయుడు!"

మూడు క్షణాలు. అలవాటు ప్రకారం పద్దెనిమిది మందీ బీరువా పక్కకి చూశారు. గౌరునాయుడికి చెవులు కాలిపోయాయి. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. రెండేళ్లలో మొదటిసారి అతనికీ ఒక చూపు పుట్టింది. దాన్నెక్కడ పెట్టాలి? సిబ్బందిని చూస్తే తిరిగి చూసినట్టే, ఉద్యోగం గోవిందా. వెనక్కి తిరుగుదామంటే గోడ లేదు. ఆర్డరు ఇంకా సారు చేతిలోనే ఉంది.

అప్పుడు సీరియల్లో గుమాస్తా గుర్తొచ్చాడు. గౌరునాయుడు కొంచెం మెడ తిప్పి, ఆఫీసులో ఎవరూ లేని వైపు, అంటే ఈ కథ చదువుతున్న మీ వైపు, నేరుగా చూశాడు.

"ఎటు చూశావయ్యా?" అన్నారు కామేశం గారు.

"ఎటూ లేదు సార్. అటెవరూ లేరు."

ఆయన కూడా అటు చూసి, నిజమేనని ఒప్పుకుని, ఆర్డరు చేతిలో పెట్టారు. అందరూ లడ్డూలు తిన్నారు.

చూపు మాత్రం మీ దగ్గరే ఉండిపోయింది. రూల్సు పాతవే. ఇంతవరకూ నవ్వినవాళ్లను శాఖ ఈ ఒక్కసారికి మన్నించింది. రేపట్నుంచి నిటారుగా కూర్చోవాలి.