రాలేనివారి జాబితా

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, ఆ తర్వాత చాలాకాలం ఖాళీగా కూర్చుని, చివరికి న్యూజిలాండ్‌లో, మౌంట్ రాస్కిల్‌లో, సమావేశానికి రాలేనివారి జాబితాను కనిపెట్టాడు. మొదటి రెండిటి ఉపయోగం మీద భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. మూడోదాని మీద మాత్రం మా సంఘంలో ఏకాభిప్రాయం ఉంది (ఉందని రాలేనివారంతా రాసి పంపారు).

మా సంఘం పేరు కివికీ. కివీల దేశంలో వికీ రాసే, బ్లాగులు నడిపే తెలుగువాళ్ళం గనక ఆ పేరు. పెట్టింది నేనే. ఆ నేరానికే నన్ను కార్యదర్శిని చేశారు (ఇంకో మాట పుట్టించే తీరిక లేకుండా చేయడానికని గిట్టనివాళ్ళంటారు). మన సంగతులన్నీ తెలుగులో రాసిపెట్టే సొంత సైటు మాకుంది. నెలనెలా రెండో ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి, కమ్యూనిటీ హాల్లో కలుస్తాం. కలుస్తాం అన్నది నియమావళిలోని క్రియాపదం.

సభ్యులం నలభై ముగ్గురం. అందరూ బాగా రాస్తారు. రారు.

ప్రతి సమావేశానికీ పదిరోజుల ముందు సైట్లో ఒక పేజీ తెరుస్తాం. తప్పక వచ్చేవారు, బహుశా వచ్చేవారు, రాలేనివారు అని మూడు శీర్షికలు. మొదటిదాంట్లో నా పేరుంటుంది, హాలు తాళంచెవి నా దగ్గరుంటుంది గనక. రెండోదాన్ని ఎత్తేశాం, బహుశా అంటే బహు సాకులని అనుభవంలో తేలింది. మూడోదే మా సాహిత్యం. డునెడిన్‌లో ఉండే రవికిరణ్ 'దూరం' అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కుక్ జలసంధి మీద గాలివేగంతో మొదలుపెట్టి పదకొండు పేరాలు రాశాడు, మూడు పటాలతో. సత్యనారాయణగారు లాన్ కోయాలని రాసి, కోయని లాన్ ఫొటో జతచేశారు (గడ్డి నిజమే, మిగతావి కోతలు). మహిధర్ కారుకు వాఫ్ చేయించాలి, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని చీటీ తెచ్చుకోవాలి. 'కారుకు వాఫ్, నాకు మాఫ్' అని రాశాడు. ఆ వాక్యం నాకు తట్టలేదే అని ఆ పూట అన్నం సయించలేదు.

సాకులు పెరిగేసరికి నియమాలు పెరిగాయి. ప్రతి కారణానికీ ఆధారం జతచేయాలి. ఆధారం లేని కారణాన్ని తొలగిస్తాం. జాబితాలో పేరు లేనివారు సమావేశానికి వచ్చినట్టే లెక్క. తర్వాత ఉపశీర్షికలు వచ్చాయి: రావాలని ఉండి రాలేనివారు, రాగలిగీ రానివారు, పార్కింగ్ దాకా వచ్చినవారు. వీటన్నిటి నిర్వహణకు సత్యనారాయణగారిని రాలేనివారి సమన్వయాధికారిగా నియమించాం. పదవీ స్వీకారానికి ఆయన రాలేదు. ఆ పదవికి అంతకన్నా అర్హత ఏం కావాలి?

ఇలా అంతా సజావుగా సాగుతుండగా రెబెక్కా వచ్చింది (వచ్చింది, అదే సమస్య).

రెబెక్కా మా సభ్యురాలే, నర్సు. బాపట్ల నుంచి చదువుకోవడానికొచ్చి, ఇప్పుడు పాపకూర అనే శివారులో సెటిలైంది. ఆదివారం డ్యూటీ ఎవరితోనో మార్చుకుని, ఒక నోట్‌బుక్కూ, ఒక డబ్బా సున్నుండలూ పట్టుకొచ్చింది.

"మా వార్డులో కోటేశ్వరమ్మగారని ఒక పెద్దావిడ ఉన్నారు, అన్నయ్యగారూ. కాళ్ళు పీకుతున్నాయి మొర్రో అంటే, మా డాక్టరు ఫోన్లో ట్రాన్స్‌లేషన్ యాప్ చూసుకుని 'ఎవరు పీకుతున్నారు?' అని అడిగాడు. పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు. నేను డ్యూటీలో లేనప్పుడు వాళ్ళకెవరు చెప్తారండీ? మన సైట్లో ఒక్క పేజీ ఉంటే లింకు ఇచ్చేస్తాను."

నోట్‌బుక్ చూశాను. ముప్ఫై నాలుగు తెలుగు నొప్పులు, ఒక్కోదాని పక్కన ఇంగ్లీషులో వివరం. చాలా బాగుంది. కానీ ఏడో నియమం ఉంది: కొత్త పేజీకి, సమావేశంలో కూర్చున్న ముగ్గురు సభ్యులు చెయ్యెత్తాలి. మేం ఇద్దరం. రెబెక్కా ఒక చెయ్యెత్తింది. నేను రెండూ ఎత్తాను. చెల్లదని నేనే కొట్టేశాను.

"నేనెత్తనా?" అంది హాలు చూసుకునే ఎమిలీ, నలభై మూడు కుర్చీలు వేసిన అలసటతో. ఆవిడకు సభ్యత్వం లేదు. విషయం అర్థం కాకుండా చెయ్యెత్తే హక్కు సభ్యులకే ఉంది.

నాలుగు నెలలు ఇదే జరిగింది. సున్నుండలు నేనూ ఎమిలీ తిన్నాం. 'సున్నుండ' అని ఎమిలీ ఇప్పుడు స్పష్టంగా అనగలదు. కివికీ ఇంతవరకూ చేసిన భాషాసేవ అదే.

అయిదో నెల, రెండూ పదికి, నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. 'రాలేనివారి ఆత్మీయ సమ్మేళనం, మహిధర్ ఇల్లు, శాండ్రింగ్‌హామ్.' రెండో ఆదివారం రెండింటికి అందరూ ఎలాగూ ఖాళీయే గనక అదే సమయానికి పెట్టుకున్నారు. హాజరు నలభై ఒకటికి నలభై ఒకటి. రవికిరణ్ విమానంలో వచ్చాడు.

రెబెక్కా కారు తాళాలు తీసింది. ఏడు నిమిషాల్లో అక్కడున్నాం.

"రండి సిస్టర్, రండి! ప్లేట్ తీస్కోండి," అన్నాడు మహిధర్.

"ప్లేటొద్దు తమ్ముడూ. ఒక్కరు చెయ్యెత్తండి చాలు. నేనూ అన్నయ్యగారూ ఉన్నాం, మూడైపోద్ది."

నలభై ఒక్కమందీ తమ చేతుల వైపు చూసుకున్నారు. చేతుల్లో బిర్యానీ ఉంది.

"ఎట్ల ఎత్తుతం సిస్టర్?" మహిధర్ గొంతులో నిజమైన బాధ ఉంది. "మేం ఈడ ఉన్నం గని, రాలే గదా!"

"కళ్ళెదురుగా ఇంతమంది కనపడతంటే రాకపోవడమేంటి?"

"ఆధారాలు జతచేసి ఉన్నాయమ్మా," అన్నారు సత్యనారాయణగారు సౌమ్యంగా. "ఇప్పుడు చెయ్యెత్తితే నా లాన్ ఫొటో అబద్ధమైపోతుంది. రేపు నీ పేజీని ఎవరు నమ్ముతారు చెప్పు?"

రెబెక్కా నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి అన్నయ్యగారూ."

నేను కార్యదర్శిని. నియమావళి కంఠతా వచ్చినవాణ్ణి. "సమావేశం హాల్లో జరుగుతోందమ్మా. మనం అక్కణ్ణుంచి వచ్చేశాం గనక, ఇప్పుడు మనమూ రాలేనివారమే," అన్నాను (ప్లేటు తీసుకున్నాను).

 ఆమె నోట్‌బుక్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత తెలిసింది, ఆ ముప్ఫై నాలుగు నొప్పుల్నీ ప్రింటు తీసి వార్డు గోడకు అంటించిందట. ఫోను చూసుకున్న ఆ డాక్టరే, ఈతన్ అట పేరు, ఇప్పుడు "సలుపా? పోటా?" అని అడుగుతున్నాడట. మళ్ళీ వార్డులో చేరిన కోటేశ్వరమ్మగారు "తీపు నాయనా" అంటే, వేలితో వరస వెతుక్కుని, తల పంకించి, మందు రాశాడట. పక్క వార్డులవాళ్ళు కాపీలు పట్టుకెళ్ళారట. ఎవరూ చెయ్యెత్తకుండానే!

సంఘం తీవ్రంగా చర్చించి, రెబెక్కాకు వచ్చే సమావేశంలో శాలువాతో సన్మానం చేయాలని తీర్మానించింది. యథావిధిగా పేజీ తెరిచాం. నలభై ఒక్కమంది తమ రాలేకపోవడాన్ని మునుపెన్నడూ లేనంత హృద్యంగా రాశారు. నలభై రెండోది నాది: నడుం కలుక్కుమంది (ఆధారం: రెబెక్కా కాగితం, పందొమ్మిదో వరస).

నలభై మూడో పేరు రెబెక్కాది. కారణం గడిలో రెండే మాటలు: డ్యూటీ ఉంది.

ఆధారం జతచేయలేదు. నియమం ప్రకారం ఆ వరస తొలగించాం. కనుక కివికీ రికార్డుల్లో, ఆ ఆదివారం సమావేశానికి వచ్చింది రెబెక్కా ఒక్కతే.