వరండాకి గోడ కట్టండి, పుణ్యం ఉంటుంది!

మనిషి ఇల్లు కట్టుకోవడం నేర్చుకున్నాక చేసిన మొదటి తప్పు వరండా. రెండో తప్పు దాని ముందు తోట. ఈ రెండూ లేకపోతే మనం ఈపాటికి ఎంత అభివృద్ధిలోకి వచ్చి ఉండేవాళ్ళమో!

ఊరికే అనడం లేదు. పదేళ్ళకు పైగా ఒక వరండాతో వేగిన అనుభవం మీద చెబుతున్నాను.

మాది మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్. చుట్టూ కొత్త కాలనీలు లేస్తుంటే మధ్యలో మిగిలిపోయిన పాత వీధి. ఇల్లు చెక్కలతో కట్టింది. ముందువైపు ఈ మూల నుంచి ఆ మూల దాకా వరండా, కొన్ని మెట్లు, దిగగానే తోట. ఇల్లు కొన్నప్పుడు ఇవన్నీ ఉచితంగా వచ్చాయని సంబరపడ్డాం. ఉచితంగా వచ్చినవాటికి విలువ ఉండదని ఈమధ్యే తెలిసింది.

మా ఆయన జయంత్ పిలిపిస్తే ఒక డిజైనర్ వచ్చాడు. వరండాని ఎగాదిగా చూసి, పెదవి విరిచి, దీన్ని డెడ్ స్పేస్ అంటారన్నాడు. చచ్చిన చోటు! దానికి గోడ కట్టి, కిటికీలు లేకుండా మూసేసి, నల్లరంగు వేసి మీడియా రూమ్ చేస్తే ఇంటికి ప్రాణం వస్తుందట. గోడంత తెర ఎలా ఉంటుందో తన టాబ్‌లో చూపించాడు. ఆ తెర మీద ఏముందో తెలుసా? ఒక తోట! ఆకు మీద నీటిబొట్టు కూడా ఎంత స్పష్టంగా ఉందో చూడమన్నాడు.

సరిగ్గా అప్పుడు నా వీపు వెనక నిజం తోటలో, నిజం ఆకు మీద, నిజం నీటిబొట్టు ఒకటుంది. ఉంటే ఏం లాభం? దాన్ని పాజ్ చేయగలమా?

జయంత్ సరేనన్నారు. యూనివర్సిటీకి వెళ్ళే మా అమ్మాయి అపూర్వ కూడా సరేనంది. ఇక నేను ఊ అనడమే తరువాయి. నా ఊ కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంటే, వరండా ఎందుకు పోవాలో నాకు నేను నచ్చజెప్పుకోవడానికి కూడబెట్టిన వాదనలే ఈ నాలుగు ముక్కలూ.

మొదట ఎండ సంగతి. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు ఒరిగి నడుస్తాడు. మా వరండా ఉత్తరముఖం. చలికాలం పొద్దున్నే ఎండ మెట్లెక్కి, చాప మీదుగా పాకి, గుమ్మం దాకా వచ్చి కూర్చుంటుంది. ఎండాకాలంలో మాత్రం చూరు దగ్గరే ఆగిపోతుంది. కావలసినప్పుడు రావడం, అక్కర్లేనప్పుడు రాకపోవడం! ఇది చుట్టాల లక్షణమేనా?

పైగా దీనివల్ల నాకు సంఘంలో తలవంపులు. మా తెలుగువాళ్ళ పార్టీల్లో ఆడవాళ్ళందరూ డి విటమిన్ ఎవరికెంత తక్కువో చెప్పుకుంటారు. వసుంధరా, నీకెంత అని అడుగుతారు. సరిపడా ఉందని చెప్పడానికి ఎంత సిగ్గేస్తుందో! మీడియా రూమ్ వస్తే నేనూ అందరిలా మాత్రలు వేసుకుని గౌరవంగా బతకవచ్చు.

ఇక తోట. గులాబీలు పాత యజమానివి, నిమ్మచెట్టు కూడా ఆయనదే. నేను పెట్టింది సన్నజాజి, గోంగూర, కుండీలో కరివేపాకు. ఈ కరివేపాకు ఉందే, అది ఇక్కడి చలికి బయట బతకదు. ఇంట్లో వెలుగు చాలక బతకదు. వరండాలో గోడ వారన మాత్రమే బతుకుతుంది. దాంతో చుట్టుపక్కల ఏ తెలుగింట్లో పోపు వేగాలన్నా మా మెట్లెక్కాల్సిందే. రెండు రెబ్బలంటూ వస్తారు, రెండు గంటలు కూర్చుంటారు. కూరలో కరివేపాకుని తీసి పారేయడం తేలికే. కరివేపాకు కోసం వచ్చినవాళ్ళని లేపడం ఎవరి తరం?

మనుషులు చాలరన్నట్టు మాగ్‌పై ఒకటి. నలుపూ తెలుపూ పక్షి. మనిషి ముఖం ఒకసారి చూస్తే మరచిపోదు. నేను కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చోగానే కమ్మీ మీద వాలి, తల పక్కకు వంచి, నన్నే చూస్తుంది. ఈ ఇంట్లో నన్ను అంత శ్రద్ధగా చూసే ప్రాణి మరొకటి లేదు. ఇలాంటివాటికి అలవాటు పడితే రేపు మొగుడూ పిల్లల దగ్గర కూడా ఆశిస్తాం. ప్రమాదం కాదూ?

అభివృద్ధి అంటే ఎలా ఉంటుందో చూడాలంటే మా భానుశ్రీ ఇంటికి వెళ్ళాలి. ఆమె భర్త సంజయ్, జయంత్ ఒకే ఆఫీసు. నన్ను వదినా అని పిలుస్తుంది. వాళ్ళది కొత్త కాలనీ. ఇంటి ముఖమంతా గ్యారేజ్ తలుపే. పక్కన, ఒక పార్సిల్ హాయిగా, ఒక మనిషి ఇబ్బందిగా నిలబడేంత పోర్టికో.

ముందర గడ్డి ఉంది. ప్లాస్టిక్‌ది. నీళ్ళక్కర్లేదు, కోయక్కర్లేదు. శనివారం శనివారం సంజయ్ దానికి వాక్యూమ్ పెడతాడు. ఇక్కడ జనవరి అంటే నడివేసవి, ఆ ఎండకి దాని మీద అడుగు పెడితే గుండం తొక్కినంత పుణ్యం వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ కెమెరా డోర్‌బెల్ ఒక ఎత్తు. ఒకసారి గోంగూర పచ్చడి పట్టుకెళ్ళి బెల్ నొక్కాను. బెల్ మాట్లాడింది. అలవాటు కొద్దీ నేను బెల్‌కి నమస్కారం పెట్టాను. బెల్ నన్ను కులాసా అడిగింది. అపూర్వ చదువు అడిగింది. పచ్చడిలో వెల్లుల్లి వేశారా అని కూడా అడిగింది. చివరికి సీసా ఆ మూలన పెట్టేయమంది. ఇంతకీ భానుశ్రీ ఎక్కడుందనుకున్నారు? తలుపుకి అవతల, మేడ మీద. ఉతికిన బట్టలు మడతపెడుతూ!

ఎంత సౌకర్యం! మా ఇంట్లో అయితే లేచి, జుట్టు సర్దుకుని, ఎదురొచ్చి, కుర్చీ లాగి, మంచినీళ్ళిచ్చి... తలుచుకుంటేనే నీరసం వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తెలుగువాళ్ళకి వరండా ఉండకూడదనడానికి బలమైన కారణం మన వీడ్కోలు.

భోజనానికి వచ్చినవాళ్ళు మూడు గంటలు సోఫాలో కూర్చుని ఏం మాట్లాడతారు? బ్యాంకు వడ్డీ, పిల్లల ట్యూషన్, ఎవరెక్కడ ఇల్లు కొన్నారు. అంతే. లేచి, "ఇక వెళ్ళొస్తాం" అని చెప్పులు వేసుకోవడానికి వరండాలోకి వచ్చాక అసలు మాటలు మొదలవుతాయి. ఒక కాలికి చెప్పు ఉంటుంది, రెండో కాలికి ఉండదు. ఆ భంగిమలో మనవాళ్ళు ఎంతసేపైనా నిలబడగలరు. కడుపులో ఉన్నవన్నీ అప్పుడే బయటికొస్తాయి. పోర్టికోలో ఇది జరిగే పనేనా? భానుశ్రీ వాళ్ళింట్లో వీడ్కోలు గ్యారేజ్‌లోంచి. సంజయ్ రిమోట్ నొక్కగానే తలుపు దిగుతుంది. ముందు వాళ్ళ తలలు మాయమవుతాయి, తర్వాత చేతులు. చివరగా మేం పాదాలకి టాటా చెప్పి కారెక్కుతాం. ఎంత క్లుప్తం!

ఈ వెళ్ళొస్తాం అనే మాటతో నాకు మా ఎదురింటి బెవ్ దగ్గర పరువు పోయింది కూడా. బెవ్ డెబ్బై దాటిన ఆస్ట్రేలియన్ ఆవిడ. మేం కొత్తగా వచ్చిన రోజుల్లో తన వరండాలోకి టీకి పిలిచింది. తాగాను. ఉత్తినే "వెళ్తాను" అనడం మనకి అపశకునం కదా. కాబట్టి శుభమా అని ఇంగ్లిష్‌లో "ఐ విల్ గో అండ్ కమ్" అని చెప్పి ఇంటికొచ్చి వంటలో పడ్డాను.

పాపం, ఆవిడ మళ్ళీ టీ పెట్టింది. చల్లారకుండా టీపాట్‌కి ఉన్ని టోపీ తొడిగింది. చీకటి పడేదాకా నా కోసం చూసి, వంటింట్లో ఏమైనా అంటుకుందేమోనని మా మెట్లెక్కి వచ్చింది. అర్థం వివరించి క్షమాపణ చెప్పుకున్నాను. బెవ్ "దట్స్ ఎ ప్రామిస్, లవ్. యూ ఓ మీ ఎ కప్ ఆఫ్ టీ" అంది. అప్పటి నుంచి బాకీ తీరడం లేదు. ఒకరోజు మా వరండా, ఒకరోజు వాళ్ళ వరండా. గోడ ఉండి ఉంటే ఈ పదేళ్ళలో నేను ఎన్ని సీరియళ్ళు చూసి ఉండేదాన్ని!

ఈమధ్య ఒక శనివారం భానుశ్రీ, సంజయ్ భోజనానికి వచ్చారు. లోపల ఉన్నంతసేపూ మీడియా రూమ్ గురించే. స్పీకర్లు ఎక్కడ రావాలో సంజయ్ చెప్పాడు, జయంత్ పరవశించారు. వరండా మీ ఇంట్లోనే మిగిలిపోయిందని భానుశ్రీ నా మీద జాలిపడింది. తర్వాత వెళ్ళొస్తామన్నారు. బయటికి వచ్చాం. మగవాళ్ళిద్దరూ గోడ కొలతలంటూ అటు చివరికి వెళ్ళారు. భానుశ్రీ ఒక చెప్పు వేసుకుంది. రెండోది వేసుకోలేదు. మెట్టు మీద కూర్చుంది.

"మొన్న నా ఫోన్‌కి అలర్ట్ వచ్చింది వదినా. మా ఇంటి ముందు ఎవరో పర్సన్ తిరుగుతున్నారని."

దొంగా అని అడిగాను.

"వీడియో చూశాను. నైటీ వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది, రోడ్డు వైపు చూస్తోంది, మళ్ళీ లోపలికి పోతోంది. ఎవరా అని జూమ్ చేస్తే నేనే."

ఇద్దరం నవ్వాం. కడుపు పట్టుకుని, మగవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వాం. అయ్యాక తను కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరైనా నడిచి వెళ్తారేమో, పలకరిద్దామని వదినా. ఎవరూ వెళ్ళలేదు" అంది.

చూశారా వరండా చేసే అన్యాయం? ఇదే మా సోఫాలో అయితే ఆ మాట ఆమె కడుపులోనే ఉండిపోయేది. ఇంటికి వెళ్ళి ఎంచక్కా బెల్‌తో చెప్పుకునేది. వరండా ఉండబట్టి నాతో చెప్పింది. ఇప్పుడు బుధవారం బుధవారం వచ్చి కూర్చుంటానంటోంది. రావద్దనగలనా?

ఇక ఉపేక్షించకూడదనిపించింది. మర్నాడు నేనే జయంత్‌ని అడిగి డిజైనర్ గీసిన ప్లాన్ బల్ల మీద పరిపించాను. చాలా బాగుంది. జయంత్ ఆఫీసు గదికి చోటుంది. అపూర్వ చదువుకి మూల ఉంది. కారుకి గ్యారేజ్ ఉంది. ఎర్రమూత చెత్తడబ్బాకి, పచ్చమూత చెత్తడబ్బాకి, ఎండ తగలకుండా విడిగా ఒక గూడు కూడా ఉంది.

"నేను కూర్చునేది ఎక్కడండీ?" అన్నాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అదేంటి వసూ, ఇల్లంతా నీదేగా."

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఈ మాట వినని ఇల్లాలు మీలో ఎవరైనా ఉన్నారా? పెళ్ళయినప్పటి నుంచి వింటున్నాను. విన్నప్పుడల్లా నవ్వి, ఇల్లంతా తుడిచేదాన్ని. పేరు రాసి ఉన్న గదులు ఎవరివి వాళ్ళకుంటాయి. ఇల్లంతా ఎవరిదో, వాళ్ళకి మాత్రం కాలు చాపుకునే చోటుండదు. నా చోటంటూ ఉన్నది ఒక్కటే. దానికి ప్లాన్‌లో పేరు కూడా లేదు, డెడ్ స్పేస్ తప్ప.

ఈసారి నేను నవ్వలేదు. ఆ మాట నిజమేనా అని రెండుసార్లు అడిగాను. నిజమేనన్నారు. అపూర్వ సాక్షిగా అన్నారు. "డాడ్, యూ వాక్డ్ ఇంటు దట్ వన్" అని, మీ మాటతో మీరే దొరికిపోయారన్నట్టు అది గొణిగినా ఆయనకి అర్థం కాలేదు.

ఇల్లంతా నాదయినప్పుడు గ్యారేజ్ కూడా నాదే కదా! ఆ సాయంత్రమే డిజైనర్‌కి ఫోన్ చేసి, అతను కోరిన గుణాలన్నీ ఉన్న గది మా ఇంట్లో ఆల్రెడీ ఉందని చెప్పాను. కిటికీల్లేవు, చీకటి, తలుపు వేస్తే గాలి కూడా చొరబడదు. గ్యారేజ్‌నే మీడియా రూమ్ చేయమన్నాను. అతను చాలా మెచ్చుకున్నాడు. జయంత్‌కి కూడా కాదనడానికి కారణం దొరకలేదు, కారు సంగతి గుర్తొచ్చేదాకా.

ఇప్పుడు కారు బయట, బాటిల్‌బ్రష్ చెట్టు కింద ఉంటోంది. రోజూ పక్షులు దాన్ని అలంకరిస్తున్నాయి. ఆయన తుడుచుకుంటున్నారు. ఆఫీసు నుంచి వస్తే ఇదివరకులా గ్యారేజ్‌లోంచి వంటింట్లోకి తేలే వీల్లేదు. గులాబీల పక్కగా నడిచి, మెట్లెక్కి, బూట్లు విప్పడానికి పేము కుర్చీలో కూర్చోవాలి. నిన్న ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా చాలాసేపు ఉండిపోయారు. తన మేనేజర్ గురించి, వచ్చే నెల మారబోయే టీమ్ గురించి ఏవేవో చెప్పారు. నాకు తెలియనివే అన్నీ. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. చూడండి, మళ్ళీ వరండా వల్లనే నష్టం!

కాబట్టి పాఠకులారా, నా మాట వినండి. మీ వరండాలకి వెంటనే గోడలు కట్టేయండి. నా వాదనలన్నీ మీకు ధర్మంగా ఇచ్చేస్తున్నాను, వాడుకోండి. అన్న మాట మీద నిలబడే మనిషిని నేను. ఇప్పుడూ నిలబడేదాన్నే.

ఎండ చాప దాకా వచ్చింది. కాస్త కూర్చున్నాను. లేవబుద్ధి కావడం లేదు.