ఐలయ్య మెడ మీద ఆరోది

బుధవారం పొద్దున ఐలయ్య పెట్టుకున్న పనులు రెండే. పదకొండు దాకా అమీర్‌పేటలో నౌకరి, పన్నెండు కొట్టకముందే పంజాగుట్టలో జానకీదేవి ఇంటి గేటు ముందు హాజరు. పన్నెండు దాటితే రాహుకాలం. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఆవిడ మేడ మీది గది చూపించదు. ఎర్రగడ్డలో తాముంటున్న రేకుల గదిని నెలాఖరుకు కూలగొడుతున్నారు. పదకొండు ఇళ్లు తిరిగితే, సరే చూద్దామన్నది ఈవిడొక్కతే.

నౌకరి సంగతి భార్య రుద్రమ్మకు కూడా సరిగా తెలియదు. "కాలేజీ ఆఫీసుల ఫైళ్లు మోసే పని" అని చెప్పాడు. నిజానికి అతను రోగి. విదేశాలకు పోయే నర్సులకు శిక్షణ ఇచ్చే సెంటర్లో రోజుకూలీ రోగి. మంజూష మేడం మైనమూ రంగులూ కలిపి అతని ఒంటి మీద జబ్బులు అంటిస్తుంది. నర్సమ్మలు వచ్చి జుట్టు పాయలు తీసి చూస్తారు, మెడ తడుముతారు, చర్మం గిల్లి వదులుతారు, కనిపించింది రాసుకుంటారు. ముప్పై ఏళ్లు సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డ మనిషికి కుర్చీలో కూర్చునే పని సుఖంగానే ఉంది కాని, రోగం వేషం వేస్తున్నానని పెళ్లానికి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రోజు పరీక్ష. మేడం ఐదు పెట్టింది. తలలో తామర, నుదుటి మీద నీటిబొబ్బలు, చెంప మీద చింతగింజంత పులిపిరి, గొంతు పక్కన గడ్డ, మోచేతి దగ్గర చీము కారుతున్న పుండు. పరీక్ష పెట్టే ఆవిడ ఆలస్యంగా వచ్చింది. ఎనిమిది మంది నర్సమ్మలూ చూసి లేచేసరికి పదకొండూ నలభై.

"మేడం, జర తుడువుండ్రి, నేను పోవాలె."

"నూనె అయిపోయిందండీ. అరగంటలో తెప్పిస్తాను."

"అరగంటకు రాహుకాలం వస్తది!"

తువ్వాలు తలకు చుట్టుకుని మెట్రో ఎక్కాడు. ఒక్క స్టేషను దూరం. ఆ ఒక్క స్టేషన్లోనే బోగీలో సగం ఖాళీ అయింది. పుట్టి బుద్ధెరిగాక అతనికి అంత చోటు ఎవరూ ఇవ్వలేదు.

పంజాగుట్టలో రుద్రమ్మ అప్పటికే వచ్చి జానకీదేవిని మాటల్లో పెట్టింది. "మా ఆయన మస్తు శుభ్రం మనిషమ్మా. మీద దుమ్ము పడనియ్యడు" అంటుండగానే గేటు ముందు ఐలయ్య తువ్వాలు తీసి దండం పెట్టాడు.

"ఏవండీ! గేటు వేయండి!" అని కేక పెట్టింది జానకీదేవి.

ఆవిడ భర్త హనుమత్ప్రసాద్ గారు పేపరు పారేసి పరుగున వచ్చి గేటు వేశారు. కంగారులో బయటి వైపు నిలబడి వేసుకున్నారు.

"మీరు అటు పక్క ఎందుకున్నారండీ?"

ఆయన గోడకు అంటుకుపోయారు. రుద్రమ్మ నెత్తి కొట్టుకుంది. "పొద్దున మంచిగనే పోయినవ్ గదయ్యా! గీ నాలుగు గంటల్ల గిన్ని రోగాలెట్లొచ్చినయే!"

ఐలయ్యకు ఇక దారి లేదు. చెంప మీది పులిపిరిని పీకి గోడ మీద పెట్టాడు. "మైనమమ్మా. రోగం గాదు." తర్వాత గొంతు పక్కన గడ్డ పీకాడు. ఉన్న సంగతంతా చెప్పాడు.

"అయితే ఆఫీసుల ఫైళ్లు మోసుడు?" అంది రుద్రమ్మ.

"మొయ్యలే. ఫైలు నేనే. వాళ్లు తిప్పి తిప్పి చూస్తరు."

రుద్రమ్మ గోడ మీది పులిపిరిని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. జానకీదేవి మాత్రం అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. కళ్లజోడు, టార్చిలైటు, కొబ్బరినూనె సీసా తెచ్చుకుని గేటు బయట స్టూలేయించింది. "ఒక్కటి మిగలకూడదు" అంటూ జుట్టు వెనక్కి దువ్వి, చెవులు మడిచి, వెంట్రుక వెంట్రుకా పరీక్షించింది. గోడ మీద ఐదూ వరసగా చేరాయి.

"ఇదిగో, మెడ వెనక ఇంకోటి. నల్లగా ఉంది."

నూనె రాసి రుద్దింది. రాలేదు. గోటితో గీకింది.

"రక్తం కూడా పెట్టారే! బాగా చేశారమ్మా" అని వేలు చూసుకుంది. "రంగు వెచ్చగా ఉందేంటి?"

ఎవరూ నవ్వలేదు. ఐలయ్య మంజూషకు ఫోను కలిపి స్పీకరులో పెట్టాడు.

"మెడ వెనక నేనేమీ పెట్టలేదండీ."

"ఎనిమిది మంది చూసిండ్రు గద మేడం?"

"ఐదని వాళ్లకు ముందే తెలుసు. ఐదూ దొరకగానే ఆపేశారు. నేనూ ఐదే చూశాను" అంది మంజూష. తర్వాత గొంతు మార్చుకుని, "దాని అంచు మెరుస్తోందా? ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడిగింది.

"మెరుస్తోంది" అంది జానకీదేవి.

"రెండేండ్ల కింద ఆవగింజంత ఉండె" అంది రుద్రమ్మ. "పుట్టుమచ్చ అనుకున్న. ఇప్పుడు శనగగింజంత అయింది."

హనుమత్ప్రసాద్ గారు గడియారం చూసి నెమ్మదిగా చెప్పారు. "పన్నెండు దాటిందే."

"గేటు తియ్యండి" అంది జానకీదేవి. "అతన్ని లోపల కూర్చోబెట్టండి."

సాయంత్రమే మంజూష అతన్ని చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. వారంలో కోసి తీశారు. ముక్కను పరీక్షకు పంపిన ఆ పది రోజులూ ఐలయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రోగిలా కూర్చోవడం తనకు బాగా వచ్చనుకున్నాడు. అసలు రోగిగా ఎలా కూర్చోవాలో తెలియలేదు.

కాగితం చూసి డాక్టరు చెప్పాడు. "కేన్సరే. కాని నిదానంగా పాకే రకం. మొత్తం వచ్చేసింది, ఏం ఫికర్ లేదు. ఇంకొన్నేళ్లు వదిలేస్తే లోపలికి తినేసేది. ఇంతకీ ముందు చూసిందెవరు?"

మంజూష నేల వైపు చూసింది. "ఇంటి ఓనరు గారు సార్."

ఒకటో తారీఖున ఐలయ్య సామాను మేడ మీది గదిలో దిగింది. రుద్రమ్మ ఇప్పుడు అడిగినవాళ్లందరికీ "మా ఆయన నర్సమ్మలకు చదువు చెప్తడు" అని చెబుతోంది. జానకీదేవికి మాత్రం చేతికి పని దొరికింది. పాలవాడినీ, పనిమనిషినీ, కొరియరు అబ్బాయినీ వెలుతుర్లో నిలబెట్టి, చెవులు మడిచి, మెడ చూడందే పంపడం లేదు.

హనుమత్ప్రసాద్ గారు ఎండాకాలంలో కూడా కాలరు గుండీ పెట్టుకునే పేపరు చదువుకుంటున్నారు.