ఇత్తడి భూగోళం

మా తెనాలివాళ్ళకు పోటీ పెట్టకుండా ఏ విషయాన్నీ తేల్చే అలవాటు లేదు. నాటకాలకు పోటీ పెడతాం, పద్యాలకు పెడతాం, ముగ్గులకూ పెడతాం. కాబట్టి 1993లో, భూమి వేడెక్కుతోందనీ సముద్రాలు పొంగుతాయనీ పేపర్లు రాయడం మొదలుపెట్టగానే, దీన్ని కూడా పోటీ పెట్టి తేల్చేయడం మన కర్తవ్యమని కొందరు పెద్దలం గుర్తించాం. ఆ విధంగా వెలసిందే భావి సమాజ చర్చా పరిషత్తు. దానికి కార్యదర్శిని నేను. నేనే ఎందుకంటారా, మైకుసెట్టు మా బావమరిదిది.

చర్చనీయాంశం ఇది: సముద్రం మీదికొస్తే ప్రజలను కాపాడవలసింది ప్రభుత్వమా, సమాజమా? తొలి పోటీ తెనాలిలో, మలి పోటీ బాపట్లలో, తుది పోటీ రేపల్లెలో. ప్రథమ బహుమతి పోతపోసిన ఇత్తడి భూగోళం. ఒంటిచేత్తో ఎత్తితే భుజం దిగిపోతుంది. ఖండాలూ సముద్రాలూ దేని చోట దాన్ని చెక్కించాం. దాన్ని విరాళంగా ఇచ్చినవారు మా అధ్యక్షులు, రేపల్లె వాస్తవ్యులు బసవేశ్వరరావుగారు.

వారి గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. మొన్నమొన్నటిదాకా వరి పండిన వారి పొలాల్లో ఇప్పుడు ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో రొయ్యలు. సముద్రం ఎప్పుడు మీద పడుతుందోనని లోకమంతా వణికిపోతుంటే, దాన్ని మోటార్లు పెట్టి ముందుగానే ఇంటికి పిలుచుకొచ్చిన దార్శనికులు వారు. చెరువులకు అడ్డంగా ఉన్న మడ అడవిని కూడా కొట్టించేశారు. ఇప్పుడు అక్కడ గాలి ధారాళంగా వస్తుంది.

సముద్రం దిక్కున, అడవులదీవి ఊరికి అవతల చిన్న పేట ఒకటి ఉంది. అక్కడ ప్రభుత్వం స్తంభాల మీద తుఫాను షెల్టరు కట్టింది. వాడకుండా వదిలేస్తే భవనం పాడవుతుందని ఎవరో ఒక అధికారికి తోచి, సంరక్షణ నిమిత్తం దాన్ని బసవేశ్వరరావుగారికి అప్పగించాడు. భవనం సంరక్షణ నిమిత్తం వారు అందులో రొయ్యల మేత బస్తాలు పెట్టించారు. బస్తాల సంరక్షణ నిమిత్తం తాళం వేయించారు. ఇంత పకడ్బందీగా సంరక్షింపబడుతున్న భవనం ఆ తీరంలో మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను.

ఈ ఏర్పాటు ఆ పేటలో కూలిపని చేసుకునే దానమ్మకు మాత్రం నచ్చలేదు. వెనకటి గాలివానకు షెల్టరు తాళం తీసే దిక్కులేక పేటంతా వాళ్ళ లూథరన్ చర్చిలో తలదాచుకుంటే, పైన రేకులు లేచిపోయి, గోడ కూలి, ఆవిడ చెల్లెలు మంగాయమ్మ చనిపోయిందట. చెల్లెలి పిల్లలు ఇప్పుడు ఈవిడ దగ్గరే పెరుగుతున్నారు. అక్టోబరు వచ్చిందంటే చాలు, ఆవిడ కళ్ళు ఆ తాళం మీదే ఉంటాయట. తాళంచెవి పేటలోనే ఉంచమని అడగడానికి రేపల్లెలో అయ్యగారింటికి వెళితే, తెనాలిలో సభకు వెళ్ళారన్నారు. పాపం, బస్సెక్కి తెనాలి వచ్చింది.

సభలో ఒక క్రమశిక్షణ ఉంటుంది. చొక్కాకు బ్యాడ్జీ లేనివాణ్ణి వేదిక దరిదాపులకు రానివ్వం. అధ్యక్షులవారితో ఒక్క మాట చెప్పుకోవాలని ఆవిడ బతిమాలుతుంటే, మా కార్యకర్త జాలిపడి చీరకొంగుకు వక్త బ్యాడ్జీ గుచ్చాడు. ఇక ఆవిడ వంతు వచ్చేదాకా ఆగక తప్పలేదు.

అప్పటికి శేషగిరిరావుగారు మాట్లాడుతున్నారు. వృత్తి వకీలు, ప్రవృత్తి రారాజు వేషం. "ఓ సముద్రుడా! నీవు మా గడప దాకా వత్తువేని, ఈ సమాజము తన వక్షఃస్థలమునే కరకట్టగా నిలుపును!" అని ఆయన ఒక్క విసురు విసిరి, రాగంలో చివరి అక్షరాన్ని పట్టుకుని వదలకుండా నిలబడ్డారు. హాలు దద్దరిల్లింది. సముద్రుడు వింటే సిగ్గుతో ఇంకో ఊరు చూసుకునేవాడు.

తరవాత దానమ్మ వచ్చింది. మైకు వంక చూడనైనా చూడలేదు. అధ్యక్షులవైపు తిరిగి చేతులు జోడించి, "అయ్యగారండీ, షెల్టరు తాళంచెవి మా పేటలో ఉంచండి. గాలివాన వచ్చినప్పుడు మీకోసం రేపల్లె దాకా పరిగెత్తుకు రాలేమండి. మా చెల్లెలు అట్టాగే పోయింది" అంది.

ఆ వెంటనే వెనక బెంచీలవాళ్ళు "వన్స్ మోర్" అన్నారు. అయ్యగారికి వినపడలేదు కాబోలనుకుని ఆవిడ మళ్ళీ చెప్పింది. ఈసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. న్యాయనిర్ణేతలు ముగ్ధులైపోయారు. వేషం లేదు, రాగం లేదు, కన్నీళ్ళు మాత్రం అసలువి! సహజ నటనకు ప్రోత్సాహక బహుమతిగా స్టీలు క్యారేజీ ఇచ్చి, బాపట్ల పోటీకి ఎంపిక చేశాం. క్యారేజీ అందిస్తూ ఫొటో తీయించుకున్న అధ్యక్షులవారు తాళంచెవి మాట తరవాత చూద్దామన్నారు.

ఆ తరవాత కోసమే ఆవిడ బాపట్ల వచ్చింది. అక్కడ శేషగిరిరావుగారు పక్షం మార్చి, ప్రభుత్వమే కాపాడాలని అంతకు రెట్టింపు రాగంతో నిరూపించారు. దానమ్మ మళ్ళీ తాళంచెవే అడిగింది. పాఠం మార్చకపోవడం లోపమని ఒక న్యాయనిర్ణేత, నిబద్ధత అని ఇంకొకరు వాదించుకున్నారు. చివరికి శాలువా కప్పాం. ఆవిడ శాలువా మడిచి చంకలో పెట్టుకుని, మరి తాళంచెవి అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. కళాకారులకు ఇంత ఆశ పనికిరాదు.

రేపల్లెలో తుది పోటీ నాటికి ఆకాశం కూడా మాకు సహకరించింది. పొద్దుటినుంచీ ముసురు. మధ్యాహ్నానికి గాలి. నిజాంపట్నంలో హెచ్చరిక జెండా ఎగరేశారని ఎవరో చెబితే, సందర్భోచితంగా ఉందని అందరం సంతోషించాం. దానమ్మ ఆ రోజు రెండే ముక్కలు మాట్లాడింది. "పిల్లలు పేటలో ఉన్నారండి. తాళంచెవి ఇచ్చేస్తే నేను పోతానండి."

ఏకగ్రీవంగా ప్రథమ బహుమతి!

అధ్యక్షులవారు భూగోళాన్ని స్వహస్తాలతో ఆవిడ చేతుల్లో పెట్టి, మైకులో మందలింపుగా నవ్వారు. "చూడమ్మా దానమ్మా, పోటీ అయిపోయింది. ఇంక వేషం తీసెయ్యి. అయినా తుఫానొస్తే మనిషికి కాళ్ళున్నాయి, పరిగెడతాడు. పాపం, మేత బస్తాకి కాళ్ళున్నాయా?" అన్నారు. జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మరి అధ్యక్షులు చమత్కరిస్తే కార్యదర్శి నవ్వకపోతే ఎట్లా?

వందన సమర్పణ అయ్యేదాకా ఎవరూ కదలకూడదన్నది మా నియమం. ఆవిడ దాన్ని కూడా ఉల్లంఘించి, భూగోళాన్ని కొంగులో మూటగట్టుకుని, గాలికి బస్సులు ఆపేసేలోగా ఆఖరి బస్సు పట్టుకుంది.

సాయంత్రం చీకటి పడకముందే గాలివాన తీరం దాటింది. అంతకు కాస్త ముందు ఆవిడ చేరేసరికి పేటజనం షెల్టరు మెట్ల మీద గుంపుగా నిలబడి ఉన్నారట. దానమ్మ మూట విప్పి, భూగోళాన్ని రెండు చేతులా ఎత్తి తాళం మీద కొట్టింది. కొడుతూనే ఉంది. పరిషత్తువారి బహుమతి నాణ్యత గురించి నేను చెప్పుకోకూడదు గానీ, తాళం ఊడిపోయింది. పిల్లాజెల్లా అంతా లోపలికి పోయి, మేత బస్తాల మీద పడుకుని, తెల్లారేసరికి ప్రాణాలతో బయటికొచ్చారు. చర్చి ఈసారి పూర్తిగా పోయింది. భూగోళం మీద బంగాళాఖాతం దగ్గర సొట్ట పడింది.

ఈ సంఘటనపై పరిషత్తు అత్యవసర సమావేశం జరిపింది. తాళం పగలగొట్టింది ప్రజలే గనక సమాజమే గెలిచిందని ఒక పక్షం, భవనం సర్కారుది గనక ప్రభుత్వమే గెలిచిందని మరో పక్షం వాదించాయి. శేషగిరిరావుగారు ఇటూ అటూ రెండువైపులా మాట్లాడారు. ఫలితం సమానమని తేల్చి ఉప్మా తిన్నాం. ప్రజలు పడుకోవడంవల్ల నలిగిన మేతకు సంతాపం తెలిపాం. షెల్టరుకు ఈసారి ఇంకా పెద్ద తాళం వేయించిన అధ్యక్షులవారి ముందుచూపును అభినందించాం. ఇకమీదట బహుమతులన్నీ థర్మాకోలుతోనే చేయించాలనీ, ఇత్తడిది వెనక్కి తేవాలనీ తీర్మానించాం.

తేవడానికి నేనే వెళ్ళాను. దానమ్మ కొత్త పాక దూలానికి తాటాకు కడుతోంది. పక్కనే చెల్లెలి పిల్లలు ఆకులు అందిస్తున్నారు. తీర్మానం చదివి వినిపించాను. ఆవిడ చేతులు దులుపుకుని సావధానంగా వింది.

"మీ దగ్గర తాళంచెవి ఉందిగదండీ, భూగోళం మీకెందుకు? మాకున్నది ఇదొక్కటేనండి" అంది.

అబ్బ, ఎంత బాగా అందో! ఎక్కడా ఒక్క అక్షరం తడబడలేదు. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టేశాను. ఆవిడ మాత్రం నావైపు చూడకుండా, దూరంగా షెల్టరుకు వేలాడుతున్న కొత్త తాళాన్ని చూస్తూ నిలబడింది. మీరు అక్కడ ఉంటే మీరూ చప్పట్లు కొట్టేవారే. ఆ మాటకొస్తే, ఇప్పుడు కొట్టాలనిపించడం లేదూ?