మేడ మీద తేనెటీగ ఉద్యోగం

తేనెటీగలు మాయమైపోవడం మానవజాతికి దక్కిన వరం! ఈ మాట గాల్లోంచి పట్టుకొచ్చి చెప్పడం లేదు. స్వానుభవంతో చెబుతున్నాను. ఎందుకంటే, అయ్యా, మా మేడ మీద తేనెటీగను నేనే.

నవ్వకండి. మా ఆవిడ మేడ మీద తొట్లలో గుమ్మడి పాదులు పెట్టింది. తీగ పాకింది, పూసింది, పిందెలూ వేసింది. ఒక్కటీ నిలబడదే! పసుపెక్కి రాలిపోవడమే. మగపూల పుప్పొడిని ఆడపూలకు చేర్చే నాథుడు లేకనే ఈ అనర్థమని ఆవిడే తేల్చింది. మా ఫ్లాట్ల అసోసియేషన్ ప్రెసిడెంటుగారు పరిశుభ్రత మీద ప్రేమ కొద్దీ నెలనెలా మేడంతా మందు కొట్టిస్తారు. ఆ దెబ్బకు పురుగన్నది ఈ ఛాయలకు రాదు.

"ఏవండీ, ఊరికే పేపరు తిరగేస్తూ కూర్చునే బదులు ఆ పనేదో మీరే చెయ్యొచ్చుగా?" అంటూ నా చేతిలో పెయింటు బ్రష్ పెట్టింది.

అలా రిటైరైన మనిషికి ఉద్యోగం దొరికింది! చెప్పండి, తేనెటీగలుంటే దొరికేదా? పొద్దున్నే లేవడం అలవాటైంది. పువ్వు పువ్వుకూ వంగి లేస్తుంటే జిమ్ము ఖర్చు తప్పింది. పక్క మేడ మీద బట్టలారేసుకునే పెద్దాయన మొదట్లో అనుమానంగా చూసినా, ఇప్పుడు "డ్యూటీ ఎక్కారా?" అని పలకరిస్తున్నాడు. పైగా నేను కుట్టను. ఇంత మర్యాదస్తుడైన తేనెటీగను ఎక్కడైనా చూశారా?

అయితే యాజమాన్యానికి నా పనితీరు నచ్చలేదు.

"మీరు నిన్న బ్రష్ పెట్టిన పిందె కూడా రాలిపోయింది. ఇలా కాదు, అసలు వాటినే రప్పిస్తాను," అంది మా ఆవిడ.

నట్టెండాకాలం! కాకులు కూడా నీడ వెతుక్కునే రోజులు. అలాంటప్పుడు ఆవిడ రోడ్డు పక్కన వాటంతటవే మొలిచే పిచ్చిమొక్కల్ని వేళ్ళతో సహా తెచ్చి పాత బకెట్లలో నాటింది. నర్సరీవాళ్ళు "అమ్మా, వానలు పడనివ్వండి" అన్నారట. ప్రెసిడెంటుగారు "షోకైన పూలు బజార్లో బోలెడుండగా ఈ కలుపేమిటమ్మా?" అన్నారు. నాకూ ఓ మాట అనాలనే ఉంది. కూరగాయలు కడిగిన నీళ్ళు మోసుకుంటూ మెట్లెక్కే మనిషికి అనే ఓపిక ఎక్కడుంటుంది? ఆవిడ వాటికి తన పాత చీర నీడగా కట్టి చంటిపిల్లల్లా సాకింది. సగం చచ్చాయి. మిగతా మొండి ఘటాలు పూశాయి. గోరంత పూలే, కానీ తేనెటీగలకు అవే విందట!

ఆ నెల మందు ఇంకా పడకముందే, ఒకరోజు నేను బ్రష్ పెట్టబోతున్న గుమ్మడి పువ్వులోంచి జుమ్మని ఒకటి బయటికొచ్చింది. ఒళ్ళంతా పుప్పొడి. నా వంక చూడనైనా చూడకుండా పక్క పువ్వులో దూరింది. నేను పొద్దున్నే గంటసేపు తంటాలు పడే పనిని నా కాఫీ చల్లారేలోగా ముగించుకుని పోయింది. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి, ఉద్యోగం పోయిందన్న దిగులు కూడా మరిచిపోయాను.

మర్నాడే ప్రెసిడెంటుగారు తలుపు తట్టారు. "మేడ మీదికి తేనెటీగలొస్తున్నాయటగా? కంగారు పడకండి. ఆదివారం గట్టి మందు కొట్టిస్తాను."

మా ఆవిడ మొహం వాడిపోయింది. నేను మాత్రం సంతోషించాలి కదా! పోయిన ఉద్యోగం తిరిగొస్తోంది! లోపలికెళ్ళి బ్రష్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"నాకు వయసైపోయిందండీ. ఆదివారం నుంచి ఈ డ్యూటీ మీదే. పూలు తెల్లారేసరికి విచ్చుకుంటాయి, ఎండెక్కకముందే అయిపోవాలి. పిందె రాలిందంటే మాత్రం మా ఆవిడకు మీరే సమాధానం చెప్పుకోవాలి."

ఆయన బ్రష్ వంక చూశారు. మా ఆవిడ వంక చూశారు. బ్రష్ నాకిచ్చేసి, ఫోన్ తీసి, మందు కొట్టే అతన్ని రావద్దన్నారు.

చూశారా, ఇంత గొప్ప వరాన్ని చేతిలో పెడుతుంటే పుచ్చుకునేవాడు లేడు! బ్రష్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తేనెటీగలు అక్కర్లేదనుకునేవారు ఎవరైనా సరే, వచ్చి పట్టుకెళ్ళండి. సెలవులు మాత్రం లేవు.