నలుగురుంటే సాయం చేసేవాడినే

మామిడికాయల లారీలు దుమ్మును ధూపంగా వేస్తూ విజయవాడ దారి పట్టిన వేళ, సూర్యభగవానుడు తన దినవ్యాపారం కట్టేసి తెలంగాణ సరిహద్దు మీదుగా దిగిపోతున్న వేళ, పత్తిచేల నడుమ, వరిమడుల నడుమ విరాజిల్లే తిరువూరు పట్టణంలో, బస్టాండుకు కేకవేటు దూరంలో, కందిపప్పు బస్తాలే ప్రాకారాలుగా, నూనెడబ్బాలే బురుజులుగా వెలుగొందే కిరాణా దుర్గంలో, తూకవిద్యావిశారదుడు, బేరసంగ్రామభీముడు, చిల్లర అడిగినవారికి చాక్లెట్టు దానం చేసే వదాన్యుడు సీతారామాంజనేయులు గల్లాపెట్టె ముందు కొలువుతీరి ఉన్నాడు. వినండి, ఆ సాయంత్రం అతడు సాధించిన ఘనకార్యాన్ని.

ఆ మహావీరుడి వజ్రకాయంలో మర్మస్థానాలు రెండే. మొదటిది నడుము. పోయినేడు మినుముల బస్తా ఎత్తబోయి మంచమెక్కిన నాటినుంచి బరువన్నది ముట్టవద్దని డాక్టరు ఆనతి. రెండోది ఇంగ్లీషు. ఆ భాష మాట్లాడే మనిషి గడప తొక్కితే చాలు, మేడమీదికి తలెత్తి "అమ్మా శ్రీజా" అని కేక వేసేవాడు. కూతురు దిగివచ్చి గండం గట్టెక్కించేది. ఎదురుగా ప్లాస్టిక్ పైపుల కొట్టు జోజిబాబు ఆ కేకను అచ్చంగా అనుకరించి వీధినంతా నవ్వించేవాడు.

ఇప్పుడు శ్రీజ విజయవాడ హాస్టల్లో ఉంది. వెళ్లేముందు తండ్రికి మూడు అస్త్రాలు ఉపదేశించింది. మూడూ సాయానికి సంబంధించినవే, ఎందుకంటే కొట్టుకు వచ్చిన మనిషి అడిగేది సరుకు, కాదంటే సాయం. మొదటిది "ఐ విల్ హెల్ప్ యూ". సాయం చేస్తాను. రెండోది ఫలానాది ఉంటే అనే ఇఫ్‌తో మొదలై "ఐ వుడ్ హెల్ప్ యూ" అని ముగిసేది. చేసేవాడినే. మూడోది, ముందే చెప్పి ఉంటే అని మొదలయ్యే "ఐ వుడ్ హ్యావ్ హెల్ప్‌డ్ యూ". చేసి ఉండేవాడినే.

సీతారామాంజనేయులు మూడింటినీ మనసులోనే తక్కెడలో వేశాడు. మొదటి మాటలో పేరుంది, ఖర్చూ ఉంది. రెండోదానిలో పేరుంది, ఖర్చు లేదు. మూడోదానిలో పేరుతోపాటు, ఆలస్యం చేసిన తప్పు ఎదుటివాడిదేనన్న లాభం కూడా ఉంది. ఇంత లాభసాటి భాషను ఇన్నాళ్లూ చులకన చేశానే అని చింతించాడు. మొదటిదాన్ని గోడౌనులో పడేసి, తక్కిన రెంటినీ స్నానం చేసేటప్పుడు సాధన చేశాడు.

ఆ వీధి వ్యాపారుల్లో ఒక ఆచారం ఉంది. దీపం పెట్టే వేళ గల్లాపెట్టె ముందు "లేదు" అనరు. బెల్లం అయిపోతే "నిండుకుంది" అంటారు. సాయం కుదరకపోతే "మనుషులుంటే చేసేవాడినే" అంటారు. ఆ మాట వినగానే అడిగినవాడు "అయ్యో, పర్లేదండీ" అని తన దారిన వెళ్తాడు. వేడుకోవడం, కాదనడం, గౌరవం నిలవడం, అన్నీ ఒక్క ఊపిరిలో ముగుస్తాయి.

భార్య పరమేశ్వరి దీపం వెలిగించి అగరొత్తి గుచ్చుతుండగా, పక్కమేడలో కొత్తగా అద్దెకు దిగిన బ్యాంకు మేనేజరు అనిందితా సైకియా గడప ముందు నిలిచింది. అస్సాం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, తెలుగు ఇంకా "బాగున్నారా" దాటలేదు. ఆమె వెనక, పక్కమేడ మెట్ల మొదట, ఒక ఇనుప బీరువా. లారీవాళ్లు అక్కడ దించేసి పెనుగొలనులో ఇంకో లోడుందని వెళ్లిపోయారట. అస్తమయ కాంతిలో ఆ బీరువా, కోటద్వారం ముందు మోకరిల్లడానికి నిరాకరించిన మదగజంలా మెరిసింది.

"సర్, కెన్ యూ హెల్ప్ మీ?" అని ఆమె బీరువా వైపు, ఆపై మేడ వైపు చూపింది.

సీతారామాంజనేయులు నడుము, యజమాని కన్నా ముందే విషయం గ్రహించి, జివ్వుమంది.

"ఏవండీ, శ్రీజకి ఫోన్ కలపనా?" అంది పరమేశ్వరి.

"ఆగవే. నేను మాట్లాడతా."

ఎదుటి కొట్టులో జోజిబాబు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అన్నగారు ఇంగ్లీషులో దిగుతున్నారు రోయ్, సౌండు తగ్గించండి" అని టీవీ వైపు కేకేశాడు.

అప్పుడా ధీరుడు తన అంతరంగంలో ఇలా గర్జించాడు: "ఓ చిత్తమా, చలించకు. కాదంటే బ్యాంకులో నా ఖాతా ఉన్నంతకాలం ఈమె ముఖం చూడలేను. అవునంటే రేపటినుంచి మంచం మీద ఉంటాను. నడుము పట్టేసిందని ఇంగ్లీషులో చెప్పే విద్య నా కూతురు నేర్పలేదు, తెలుగులో చెబితే జోజిబాబు ఊరంతా చాటుతాడు. కనుక, ఓ ద్వితీయాస్త్రమా, ఖర్చులేని కల్పవల్లీ, వెలువడు."

కండువా సవరించుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇఫ్ ఐ హ్యాడ్ ఫోర్ మెన్," అని గుక్క తిప్పుకుని, "ఐ వుడ్ హెల్ప్ యూ మేడమ్" అన్నాడు. నలుగురు మనుషులుంటే సాయం చేసేవాడినే.

పరమేశ్వరి చేతిలో అగరొత్తి ఆగింది. జోజిబాబు లేచి నిలబడ్డాడు. "అబ్బో, శ్రీజమ్మ లేకుండానే. బలే తప్పించుకున్నారు అన్నగారూ."

ఈ అస్త్రం తిరువూరు గాలిలో అమోఘం. కాని ఆమె అస్సాం మనిషి. ఆమె లెక్కలో మాటకు ఒకటే తూకం. నలుగురుంటే చేస్తానన్నాడు కాబట్టి, నలుగురు కావాలి. "ఫోర్ మెన్? వన్ మినిట్ సర్" అని ఆనందంగా నవ్వి వీధి మలుపు తిరిగింది.

వెళ్లిపోయిందనుకుని మన వీరుడు విజయోత్సవంగా టీ తెప్పించాడు. గ్లాసు పెదవులకు తగిలిందో లేదో, బ్యాంకు గార్డు ఏబెల్, అతని వెనక బియ్యం మిల్లు హమాలీలు ముగ్గురు, ముందు సేనానిలా మేడమ్, వచ్చి నిలిచారు.

"మీరు చెప్పారటగా, నలుగురు కావాలని. మేడమ్ గారు మిల్లుకెళ్లి మరీ అడిగారండి" అన్నాడు ఏబెల్.

టీ గ్లాసు గల్లాపెట్టె మీదికి దిగింది. సీతారామాంజనేయులు తడబడుతూనే అంబులపొదిలో చెయ్యి పెట్టాడు. "ఇఫ్ మెట్లు... ఇఫ్ స్టెప్స్ వర్ బిగ్, ఐ వుడ్ హెల్ప్ యూ."

మెట్లు వెడల్పుంటేనా? కొలుద్దాం అంది ఆమె. చుట్టూ చూసింది. ఎదుటి కొట్టులోంచి ఒక చెయ్యి కొలత టేపును చాచింది. దాని చివర జోజిబాబు చిరునవ్వు వేలాడుతోంది.

"మీకేం పని జోజీ ఇందులో?"

"సాయం అండీ. నా దగ్గర టేపుంది కదా మరి."

కొలిచారు. బీరువా ఇటు అరచెయ్యి, అటు అరచెయ్యి ఖాళీ ఉండగా సుఖంగా పడుతుంది. హమాలీలు తలపాగాలు బిగించారు. రెండో అస్త్రం మొక్కవోయింది.

అప్పుడు, ప్రళయకాలంలో తప్ప తీయరాని, ఎదుటివారినే దోషిగా నిలబెట్టే, తిరుగులేని మూడోదాన్ని, నుదుటి చెమట తుడుచుకుంటూ, సీతారామాంజనేయులు సంధించాడు. "ఇఫ్ యూ హ్యాడ్ టోల్డ్ మీ యెస్టర్‌డే, ఐ వుడ్ హ్యావ్ హెల్ప్‌డ్ యూ." నిన్నే చెప్పి ఉంటే చేసి ఉండేవాడినే.

పరమేశ్వరి మొగుడి వైపు కొత్తగా చూసింది. ఇంత పొడుగు ఇంగ్లీషు ఈ ఇంట్లో మగవాళ్లెవరూ మాట్లాడి ఎరగరు.

మేడమ్ ఒక్కక్షణం ఆలోచించి, ఏబెల్‌తో ఏదో అంది. ఏబెల్ తల గోక్కుని తెలుగు చేశాడు. "రేపటికి ఇవాళే నిన్నంటండి. అందుకని ఇవాళే చెబుతున్నారంట, మనుషులెలాగూ వచ్చారు కాబట్టి ఇప్పుడే కానిద్దామంట."

హమాలీల్లో ఒకడు ఫక్కుమన్నాడు. జోజిబాబు కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. అంబులపొది ఖాళీ. ముందు మేడమ్, వెనక దీపం, దీపం ముందు "లేదు" అనరాదు. ఇన్నేళ్లుగా మనసులో అట్టే పెట్టుకున్న కాదనడాలన్నీ ఒక్కసారి వసూలుకు వచ్చినట్టయింది. వీరుడు పంచె ఎగ్గట్టి గడప దాటాడు.

"ఏవండీ, నడుము" అంది పరమేశ్వరి గుసగుసగా, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా.

"ఊరుకో. వింటున్నాడు" అన్నాడు జోజిబాబు వైపు కనుసైగ చేసి.

నలుగురూ నాలుగు మూలలు పట్టారు. సీతారామాంజనేయులు అయిదో మూల కోసం వెదికాడు. ఎంత వెదికినా బీరువాకు అయిదో మూల కనిపించలేదు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఆడిస్తుండగా, ఏబెల్ రొప్పుతూ అన్నాడు.

"శెట్టిగారూ, తలుపుకి తాళంచెవి వేలాడుతోంది. గోడకి తగిలి విరిగిపోద్ది. కాస్త తీసి పట్టుకోండి."

బొటనవేలంత తాళంచెవి. దాన్ని తీసి రెండు చేతుల్లోనూ పట్టుకుని, వాహినికి ముందు నడిచాడు. "జాగ్రత్త, కుడికి. ఇంకా కుడికి. సున్నం గోకుతోంది" అని ఆజ్ఞాపిస్తూ, హమాలీల కన్నా ఎక్కువగా ఆయాసపడుతూ, మెట్లన్నీ ఎక్కాడు. పైన బీరువా గోడకానుకోగానే తాళంచెవిని మేడమ్ అరచేతిలో ఉంచాడు. ఆమె నలుగురికీ మంచినీళ్లిచ్చి, ఇతనికి మాత్రం చేతులు జోడించి, మీరు లేకపోతే ఇది కదిలేదే కాదంది. ఆ సంగతి లెక్కప్రకారం నిజమే.

దిగివచ్చేసరికి జోజిబాబు దారికి అడ్డంగా ఉన్నాడు. "ఇంతకీ మీరేం మోశారు అన్నగారూ?"

"బీరువాలో అన్నిటికన్నా ముఖ్యమైంది" అన్నాడు సీతారామాంజనేయులు, ఆగకుండా.

ఓ బస్టాండు జనులారా, ఓ పైపులకొట్టు వీక్షకులారా, చెవులొగ్గి వినండి. నిండు సంధ్యవేళ, వీధి వీధంతా చూస్తుండగా, కూతురికి ఫోను చేయకుండా, నడుము వంచకుండా, "లేదు" అన్న మాట నోట రానీయకుండా, కిరాణాకులతిలకుడు సీతారామాంజనేయులు ఒక బీరువా తాళంచెవిని కింది నుంచి మొదటి అంతస్తుకు విజయవంతంగా చేర్చాడు.