ఆషాఢంలో హెల్త్ క్యాంపు

ఆ ఆదివారం పొద్దున్నే శ్రీనాథ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సత్తెనపల్లిలో పెట్టిన ఉచిత హెల్త్ క్యాంపుకు నరసరావుపేట నుంచి బయల్దేరాడు.

"నీకు జబ్బేందిరా?" అంది తల్లి లీలావతి.

"జబ్బు రాకముందే చూపించుకోవాలంటమ్మా."

"దానికి సెంటెందుకు?"

అతనికి కొత్తగా పెళ్ళైంది. అత్తాకోడళ్ళు ఆషాఢంలో ఒకే గడప దాటకూడదని భార్య హాసినిని సత్తెనపల్లిలోని పుట్టింటికి పంపేశారు. ఆలుమగలు కలుసుకున్నట్టు తెలిస్తే వీడియో కాల్ కూడా బంద్ అని లీలావతి ముందే హెచ్చరించింది.

క్యాంపులో నర్సు మాబున్నీసా అతని చేతికి బీపీ పట్టీ చుట్టింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో హాసిని! జడలో మల్లెలు, చేతిలో సున్నుండల డబ్బా. మిషన్ గోల పెట్టింది.

"ఏందన్నా, గుండె ఇట్టా పరిగెత్తుతోంది?" అంది మాబున్నీసా.

హాసిని కంగారుగా వచ్చి చెయ్యి పట్టుకుంది. అంకె ఇంకా పెరిగింది. ఈసీజీ గదిలోనూ ఆమె వెంటే ఉంది. అక్కడ గీతలు కొండలెక్కాయి. ఎకో తీయాలన్నారొకరు. గుంటూరు పంపాలన్నారింకొకరు. ఆ మాటలు విన్నాక శ్రీనాథ్‌కు నిజంగానే గుండెలో నొప్పి మొదలైంది. సున్నుండ కూడా సయించలేదు.

మాబున్నీసా అతని ఇంటికి ఫోన్ చేసింది. లీలావతి ఏడుస్తూ ఆటోలో వచ్చి వాలింది. కోడల్ని చూడగానే ఏడుపు ఆగిపోయింది.

"ఏమే, నువ్వేంది ఇక్కడ?"

"నేనూ చూపించుకుందామని, అత్తయ్యా..."

"ఎవరికి? మీ ఆయనకా?"

ఇంతలో డాక్టర్ రామబ్రహ్మం వచ్చి, హాసినిని బయటికి పంపాడు. అంకె దిగింది. లోపలికి పిలిచాడు. ఎగిరింది.

"అమ్మా, మీవాడికి జబ్బు లేదు, పెళ్ళయింది, అంతే. ఇంకో నాలుగు పరీక్షలు చేస్తే లేని జబ్బుకు మందులు కూడా రాసేవాళ్ళం. పరీక్షలు చెయ్యాల్సింది మీ వయసు వాళ్ళకి. కూర్చోండి."

లీలావతి వేలి మీద సూది గుచ్చారు. సుగర్ చానా ఎక్కువుంది.

"ఇప్పుడే దొరకడం మంచిదైంది. తిండి తగ్గించి, రోజూ నడవండి," అన్నాడు డాక్టర్.

లీలావతి సున్నుండల డబ్బా వంక దిగులుగా చూసింది. శ్రీనాథ్ వీడియో కాల్ మీద ఆశ వదులుకున్నాడు.

"నేను రాజుపాలెం మా అన్న ఇంటికి పోతా," అంది చివరికి. "మా వదిన వంట ఎట్టాగూ తినలేను, సుగర్ అదే తగ్గుద్ది. ఏమే, నువ్వు ఇంటికి పోయి వాణ్ణి చూసుకో. రోజూ నీ మొహం చూస్తంటే వాడి గుండె అదే సర్దుకుంటది."

"మరి ఆషాఢం, అత్తయ్యా?"

"నేను లేని ఇంట్లో ఆ గడపతో పనేందే?"

ఆ ఆషాఢానికి అత్తగారు పుట్టింటికి వెళ్ళింది.